కొటేషన్‌లో ఏ లైను ఎవరిది? కొత్త కారు ఆన్‌రోడ్ ధర లోపలి లెక్క

హన్మకొండలో ఒకే కంపెనీ కారుకు, ఒకే వేరియంట్‌కు రెండు కొటేషన్లు తెచ్చుకున్నారనుకుందాం. ఒకదాంట్లో డిస్కౌంట్ 25 వేలు, రెండోదాంట్లో 40 వేలు. చివరి మొత్తం, అంటే ఆన్‌రోడ్ ధర చూస్తే 40 వేలు తగ్గించిన చోటే కారు ఎక్కువ పడుతోంది. ఇందులో మాయేమీ లేదు. డిస్కౌంట్ ఒక లైనులో కనిపిస్తుంది, అది తిరిగి వసూలయ్యేది నాలుగైదు లైన్లలో. "అన్నా, లాస్ట్‌కు ఎంత తగ్గిస్తరు?" అని అడిగితే జవాబు ఆ ఒక్క లైనుకే వస్తుంది. మిగతా లైన్ల గురించి మనం అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పరు.

2025 సెప్టెంబర్ 22న కార్ల జీఎస్టీ మారింది. దాదాపు అదే కాలంలో తెలంగాణలో ఖరీదైన బండ్ల లైఫ్ టాక్స్ (బండికి ఒక్కసారే కట్టే రోడ్ టాక్స్) కూడా పెరిగింది. దాంతో ఈ గందరగోళం ఇంకాస్త ముదిరింది. "జీఎస్టీ తగ్గింది కదా, మరి ఆన్‌రోడ్ ఎందుకు అంత తగ్గలేదు" అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే కొటేషన్ కాగితాన్ని పై నుంచి కింది దాకా లైను లైనుగా చదవాలి. అందులో సర్కారుకు పోయే లైన్లు, కంపెనీకి పోయేవి, బీమా సంస్థకు పోయేవి, డీలర్ దగ్గరే ఆగేవి వేరువేరుగా ఉంటాయి. బేరం అన్నిటి మీదా నడవదు.

ఎక్స్‌షోరూం ధరలో ఏముంటుంది?

కంపెనీ ఫ్యాక్టరీ ధర, బండిని షోరూం దాకా చేర్చే రవాణా, డీలర్ మార్జిన్, వాటి మీద జీఎస్టీ. వీటన్నిటినీ కలిపితే ఎక్స్‌షోరూం. కంపెనీలు ఈ ధరను బయటికి ప్రకటిస్తాయి. చాలా కంపెనీలకు రాష్ట్రమంతా ఒకటే రేటు కాబట్టి హైదరాబాద్‌లో ఎంతో వరంగల్‌లోనూ అంతే. కొటేషన్‌లోని సంఖ్య కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్నదానికి సరిపోవాలి. తేడా ఉంటే వేరియంట్ మారి ఉంటుంది, లేదా మెటాలిక్, డ్యూయల్ టోన్ రంగుకు అదనం కలిపి ఉంటారు.

పొడవు 4 మీటర్ల లోపు ఉండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లేదా డీజిల్ ఇంజిన్ 1500 సీసీ దాటకపోతే ఇప్పుడు జీఎస్టీ 18 శాతం. అంతకన్నా పెద్ద కార్లకు 40 శాతం, సెస్ లేదు. ఎలక్ట్రిక్ కార్లకు ఎప్పటిలాగే 5 శాతం. పన్ను లేకుండా 6 లక్షలు ఉన్న చిన్న పెట్రోల్ కారునే తీసుకోండి. పాత పద్ధతిలో 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్ కలిసి రూ.7,74,000 అయ్యేది. ఇప్పుడు 7,08,000. ధర 66 వేలు తగ్గితే దాని మీద పడే లైఫ్ టాక్స్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఇలాంటి చిన్న కారుకు ఇంత తగ్గినా ఆన్‌రోడ్ అనుకున్నంత దిగకపోతే కారణం పన్నుల్లో ఉండదు. కంపెనీ డిస్కౌంట్ తగ్గించి ఉండాలి, లేదా కింది లైన్లు లావెక్కి ఉండాలి.

లైఫ్ టాక్స్: బేరానికి లొంగని పెద్ద లైను

ఎక్స్‌షోరూం తర్వాత పెద్ద మొత్తం ఇదే. వ్యక్తిగత కార్లకు 2022లో ఖరారైన శ్లాబుల ప్రకారం 5 లక్షల లోపు 13 శాతం, 5 నుంచి 10 లక్షల దాకా 14 శాతం, 10 నుంచి 20 లక్షల దాకా 17 శాతం, ఆపైన 18 శాతం. 2025 ఆగస్టులో ఖరీదైన బండ్ల రేట్లు మళ్లీ పెంచారు. కాబట్టి 10 లక్షలు దాటిన కారైతే బుకింగ్ రోజున ఉన్న శాతం ఎంతో రవాణా శాఖ పోర్టల్‌లో చూసుకోవాలి. పాత కొటేషన్‌ను పట్టుకుని లెక్కేస్తే తప్పుతుంది.

ఈ లైనులో జనం ఎక్కువగా పొరబడేది రెండు చోట్ల. మొదటిది: పన్ను పడేది డిస్కౌంట్‌కు ముందున్న ధర మీద. షోరూం 50 వేలు తగ్గించినా లైఫ్ టాక్స్ ఒక్క రూపాయి తగ్గదు. రెండోది ఇంకా ఖరీదైనది. ఒకరి పేరు మీద ఇప్పటికే వ్యక్తిగత కారు ఉండి రెండోది కొంటే 2 శాతం అదనం. ఎనిమిదిన్నర లక్షల కారుకు అది 17 వేలు. పాత కారును ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాం కదా, మాకెందుకు పడుతుంది అనుకుంటారు. కానీ బండి షోరూం యార్డులో ఉన్నా, ఆర్టీఏ రికార్డులో పేరు మారేదాకా అది మీదే. రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసేటప్పుడే డీలర్ ద్వారా లైఫ్ టాక్స్ ఆన్‌లైన్‌లో కట్టేస్తారు. ఆ రోజుకు పాత బండి మీ పేరు మీదే కనిపిస్తే అదనం పడుతుంది. అందుకే ఎక్స్ఛేంజ్ ఉన్నప్పుడు పాత బండి పేరు మార్పు ఎప్పటికి పూర్తవుతుందన్నది కూడా ధరలో భాగమే. కొన్ని ఇళ్లలో రెండో కారును భార్య పేరున తీసుకునేది ఇందుకే.

ఎలక్ట్రిక్ కార్ల లెక్క వేరు. 2024 నవంబర్‌లో వచ్చిన విధానం ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ మినహాయింపు. పెట్రోల్ కారుతో పోల్చేటప్పుడు ఎక్స్‌షోరూం ధరలు పక్కపక్కన పెడితే ఎలక్ట్రిక్ ఖరీదుగా కనిపిస్తుంది. ఆన్‌రోడ్ ధరలు పెడితే ఆ తేడా తగ్గుతుంది.

పది లక్షల గీత దగ్గర ఏం జరుగుతుంది?

లైఫ్ టాక్స్ శ్లాబు మొత్తం ధరకు వర్తిస్తుంది. ఆదాయ పన్నులో లాగా గీత దాటిన ముక్కకు మాత్రమే కాదు. దీనికి తోడు కారు విలువ 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసి సర్కారుకు కట్టే ఆదాయ పన్ను) కూడా వసూలు చేస్తారు.

ఒక వేరియంట్ 9,95,000, దాని మీదిది 10,15,000 అనుకుందాం. "ఇరవై వేలే కదా సార్, సన్‌రూఫ్ వస్తది" అంటారు. మొదటిదానికి 14 శాతం లెక్కన లైఫ్ టాక్స్ 1,39,300. రెండోదానికి 2022 నాటి 17 శాతంతో లెక్కేసినా 1,72,550. పన్నులోనే 33,250 తేడా. టీసీఎస్ 10,150. అంటే ఇరవై వేల సన్‌రూఫ్‌కు చేతిలోంచి పోయేది 63,400. అది అంత విలువైనదా కాదా అన్నది కొనేవాళ్ల ఇష్టం. అడగాల్సింది ఎక్స్‌షోరూం తేడా కాదు, ఆన్‌రోడ్ తేడా.

టీసీఎస్ మాత్రం పోయే డబ్బు కాదు. అది మీ పాన్ మీద జమవుతుంది, ఆదాయ పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. పన్ను పడే ఆదాయం లేని రైతు కొన్నా సరే, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. వేయకపోతే రాదు. ఇంకో సందేహం తరచూ వస్తుంటుంది: ఆన్‌రోడ్ 10 లక్షలు దాటితే టీసీఎస్ పడుతుందా? పడదు. లైఫ్ టాక్స్, బీమా అందులోకి రావు, బండి విలువనే చూస్తారు.

బీమా: డీలర్ గట్టిగా పట్టుకునే లైను

కొత్త కారుకు 3 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి. 2018 సెప్టెంబర్ నుంచి ఈ నిబంధన ఉంది. దాని రేటును సర్కారు నోటిఫై చేస్తుంది కాబట్టి ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. 2022 జూన్ నోటిఫికేషన్ ప్రకారం మూడేళ్లకు 1000 సీసీ లోపు 6,521, 1000 నుంచి 1500 సీసీ దాకా 10,640, ఆపైన 24,596 రూపాయలు. దీని మీద 18 శాతం జీఎస్టీ అదనం. 1200 సీసీ కారుకు అది సుమారు 12,555 అవుతుంది. ఇక్కడ బేరం లేదు.

బేరం ఉన్నది సొంత నష్టం (మన బండికే జరిగే నష్టం) భాగంలో, అదనపు కవర్లయిన యాడ్ ఆన్‌లలో. షోరూం కొటేషన్‌లో బీమా 44 వేలు అని ఒక్క అంకె రాసి ఉంటే దాన్ని విడగొట్టమని అడగాలి. ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా సంస్థ ఇచ్చే గరిష్ఠ మొత్తం) ఎంత? కొత్త బండికి మామూలుగా అది ఎక్స్‌షోరూం ధరలో 95 శాతం. ఎనిమిదిన్నర లక్షల కారుకు 8,07,500. బయట తక్కువ ప్రీమియం చెప్పేవాళ్లు ఐడీవీని 7 లక్షలకు దించి చెబుతుంటే అది చౌక కాదు, తక్కువ బీమా. జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్‌వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది), కన్జ్యూమబుల్స్ (ఆయిల్, నట్ల లాంటివి), ఇంజిన్ ప్రొటెక్ట్, కీ, టైర్... వీటిలో ఏవేవి ఉన్నాయో రెండు కాగితాల్లోనూ ఒకేలా ఉంటేనే పోలిక.

వీటిలో ఇంజిన్ ప్రొటెక్ట్ గురించి మన దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. 2023 జులై వానలకు నయీంనగర్ వైపు కాలనీల్లో నీళ్లు నిలిచిన సంగతి అందరికీ తెలుసు. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయబోతే నీరు సిలిండర్లలోకి పోయి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు పాలసీలో ఈ నష్టానికి క్లెయిమ్ దొరకడం కష్టం. ఈ యాడ్ ఆన్ ఉండేది అందుకే. లోతట్టున ఇల్లు ఉన్నవాళ్లకు టైర్ కవర్ కన్నా ఇది పనికొస్తుంది.

యజమాని డ్రైవర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా కలుపుతారు. ఇప్పటికే అంత మొత్తానికి వేరే ప్రమాద బీమా ఉంటే దీన్ని తీసేయమనొచ్చు. పాత కారు మీద నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ చేయని ఏళ్లకు వచ్చే తగ్గింపు) ఉంటే అది బండిది కాదు, మనిషిది. ఏళ్లను బట్టి 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది, కొత్త కారు సొంత నష్టం ప్రీమియంలో తగ్గుతుంది. థర్డ్ పార్టీ భాగంలో తగ్గదు. పాత బండి అమ్మినట్టు కాగితం చూపించి పాత బీమా సంస్థ దగ్గర ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్ల దాకా వాడుకోవచ్చు. ఎక్స్ఛేంజ్‌లో బండి ఇచ్చేసి ఈ లెటర్ అడగడం మరిచిపోయేవాళ్లు చాలామంది. షోరూం తనంతట తాను గుర్తుచేయదు.

బయటి నుంచి బీమా తెచ్చుకోవచ్చా? తెచ్చుకోవచ్చు. షోరూంలోనే తీసుకోవాలన్న చట్టం లేదు. డీలర్ల వాదనలోనూ కొంత పస ఉంది: వాళ్ల ద్వారా తీసుకుంటే వాళ్ల వర్క్‌షాప్‌లో నగదు లేని క్లెయిమ్ సాఫీగా సాగుతుంది, బీమా కమిషన్‌లోంచే వాళ్లు కొంత డిస్కౌంట్ ఇస్తారు. అదే బీమా సంస్థ పాలసీని బయట తీసుకున్నా ఆ వర్క్‌షాప్ నెట్‌వర్క్‌లో ఉంటే నగదు లేని క్లెయిమ్ దొరుకుతుంది. ఇక డిస్కౌంట్ సంగతి లెక్కతోనే తేలుతుంది. బయట 11 వేలు మిగిలి, "అట్లయితే డిస్కౌంట్ పది వేలు తగ్గుతది సార్" అంటే మీకు మిగిలేది వెయ్యి. దానికోసం తిరగడం దండగ. డిస్కౌంట్ కదలకుండా 11 వేలు మిగిలితే ఆ మాట వేరు. చాలాసార్లు బయటి కొటేషన్ టేబుల్ మీద పెట్టగానే షోరూం బీమా రేటే దిగి వస్తుంది.

హ్యాండ్లింగ్, బేసిక్ కిట్, కోటింగ్

లాజిస్టిక్స్, హ్యాండ్లింగ్, డిపో చార్జీలు... పేరు ఏదైనా ఆరు వేల నుంచి పదిహేను వేల దాకా ఒక లైను కనిపించవచ్చు. ఇది సర్కారు ఫీజు కాదు, కంపెనీ ప్రకటించే ధరలో కూడా ఉండదు. డీలర్లు చెప్పేది ఏమిటంటే: లారీలోంచి బండి దించాలి, యార్డులో ఉంచాలి, డెలివరీకి ముందు తనిఖీ చేయాలి, కడగాలి, రిజిస్ట్రేషన్‌కు మనిషిని పెట్టాలి. ఎక్స్‌షోరూంలో మార్జిన్ చిన్నది, షోరూం అద్దెలు పెద్దవి. ఇవన్నీ నిజమైన ఖర్చులే. కానీ వాటి కోసమే ఆ మార్జిన్ ఉంది. షోరూం దాకా రవాణా ఖర్చు కూడా ధరలో ముందే కలిసి ఉంది. ఒకే పనికి రెండోసారి అడుగుతున్నారన్నదే కొనుగోలుదారుల అభ్యంతరం. అది సబబే అనిపిస్తుంది. గట్టిగా అడిగిన చోట ఈ లైను పోతుంది, లేదా అంతే మొత్తం డిస్కౌంట్‌గా మారుతుంది. రెండో దారిలో రసీదులో ఆ చార్జీ అలాగే మిగులుతుంది.

బేసిక్ కిట్‌లో మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, బాడీ కవర్, సీట్ కవర్లు, డోర్ వైజర్లు, ఒక పర్‌ఫ్యూమ్ డబ్బా. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు ఎలాగూ కావాలి. మిగతావి విడివిడిగా ధర అడిగితే కిట్‌లో ఏది ఎంతకు వేశారో బయటపడుతుంది. ఒక్క విషయంలో మాత్రం షోరూం మాట వినాలి. కెమెరా, స్పీకర్లు, లైట్ల లాంటి వైరింగ్ పనిని బయట చేయించి వైర్లు కోస్తే ఆ భాగానికి వారంటీ నిరాకరించే వీలుంటుంది. సీట్ కవర్లకు ఆ భయం తక్కువ. అయితే సీటులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు దానికి సరిపోయే కుట్టు ఉన్న కవరే వేయాలి. లేకపోతే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి కవర్ అడ్డం పడుతుంది.

అండర్‌బాడీ కోటింగ్, టెఫ్లాన్, సిరామిక్ పూతలు పూర్తిగా ఐచ్ఛికం. సముద్రపు గాలి లేని ఉత్తర తెలంగాణలో కింది భాగం తుప్పు సమస్య కోస్తాలో ఉన్నంత ఉండదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ సంగతి అలా కాదు, అది చాలామందికి పనికొస్తుంది. కానీ కొన్న రోజే తీసుకోవాలన్న తొందర లేదు. మామూలు వారంటీ నడుస్తుండగా తర్వాత కూడా తీసుకోవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ రేటు పెరుగుతుంది.

ఫాస్టాగ్ 2017 డిసెంబర్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. ఐదారు వందల కన్నా ఎక్కువ రాసి ఉంటే అందులో ఎంత బ్యాలెన్స్ ఉందో అడగాలి. హైసెక్యూరిటీ నంబర్ ప్లేట్‌ను 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు కంపెనీయే సమకూర్చాలి. రిజిస్ట్రేషన్ ఫీజు కారుకు 600, లోన్ ఉంటే హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు) నమోదుకు 1,500, కార్డుకు 200. వీటికి కొద్దిగా సర్వీస్ చార్జీలు కలుస్తాయి. ఈ లైనులో ఆరేడు వేలు కనిపిస్తే మిగతాది దేనికో చెప్పాలి.

ఒకే కారు, రెండు కాగితాలు

ఇవి ఊహించిన అంకెలే, కానీ కాగితం రూపం మాత్రం అందరూ చూసేదే. 1200 సీసీ లోపు పెట్రోల్ కారు, లోన్ మీద.

మొదటి కొటేషన్:
ఎక్స్‌షోరూం 8,50,000
లైఫ్ టాక్స్ 14 శాతం 1,19,000
బీమా 44,000
రిజిస్ట్రేషన్ 6,500
ఫాస్టాగ్ 600
హ్యాండ్లింగ్ 8,000
బేసిక్ కిట్ 14,500
ఎక్స్‌టెండెడ్ వారంటీ 15,000
కోటింగ్ 9,500
మొత్తం 10,67,100. డిస్కౌంట్ 25,000. కట్టాల్సింది 10,42,100.

ఇప్పుడు ఎక్స్‌షోరూం, లైఫ్ టాక్స్, ఫాస్టాగ్, డిస్కౌంట్ అలాగే ఉంచుదాం. బీమా అదే ఐడీవీకి, అవే యాడ్ ఆన్‌లకు 33,000కు దిగింది. రిజిస్ట్రేషన్ 3,000 అయింది. హ్యాండ్లింగ్, కిట్, కోటింగ్ పోయాయి. వారంటీ తర్వాత చూద్దామన్నారు. మొత్తం 10,05,600, డిస్కౌంట్ పోను 9,80,600. డిస్కౌంట్ ఒక్క రూపాయి కదలకుండానే 61,500 తేడా వచ్చింది. వారంటీ ఎలాగూ కొంటారు కాబట్టి ఆ 15 వేలు పక్కన పెట్టినా 46,500. మ్యాట్లకు మూడు వేలు బయట పెట్టుకున్నా 43 వేలకు పైనే. డిస్కౌంట్‌ను 25 వేల నుంచి 30 వేలకు లాగడానికి పూట గడిపే బేరం విలువ ఐదు వేలు.

డిస్కౌంట్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకటి కంపెనీ ఇచ్చేది. నెలనెలా మారుతుంది, ప్రతి డీలర్‌కూ ఒకటే. రెండోది డీలర్ తన మార్జిన్‌లోంచి ఇచ్చేది. కార్పొరేట్ డిస్కౌంట్ కూడా కంపెనీ సొమ్మే. సర్కారు ఉద్యోగులు, టీచర్లు, సింగరేణి ఉద్యోగుల లాంటివాళ్లకు గుర్తింపు కార్డు మీద వస్తుంది. అడగనివాళ్లకు ఇవ్వరు. అందుకే రెండు షోరూంల మధ్య పోటీ పెట్టినప్పుడు కదిలేది డీలర్ వాటా మాత్రమే. కంపెనీ వాటా ఇద్దరి దగ్గరా ఒకటే.

కాలం కూడా ధరను కదిలిస్తుంది. దసరాకు భద్రకాళి గుడి ముందు కొత్త బండ్ల పూజకు వరస కట్టే రోజుల్లో, సింగరేణి లాభాల వాటా చేతికొచ్చే వారాల్లో, ధనత్రయోదశికి, డీలర్‌కు తగ్గించాల్సిన అవసరం తక్కువ. పండుగ ఆఫర్ అని కంపెనీ ప్రకటించేది ఉంటుంది, దాని మీద అదనం దొరకదు. ఆషాఢంలో, మూఢాల్లో షోరూం ఖాళీ. నెలాఖరు రెండు మూడు రోజుల్లో టార్గెట్‌కు నాలుగైదు బండ్లు తక్కువైన మేనేజర్ మనసు మెత్తగా ఉంటుంది. ఆ నాలుగు బండ్లతో కంపెనీ నుంచి వచ్చే ఇన్సెంటివ్ నెల మొత్తం అమ్మకాల మీద ఉంటే, ఒక బండి మీద నష్టపోయినా అతనికి గిట్టుబాటే.

డిసెంబర్, జనవరి డిస్కౌంట్లు పెద్దవి. జనవరిలో కొన్న బండి తయారైంది కిందటి ఏడాది కావడమే కారణం. ఎప్పుడు కొన్నా, అమ్మేటప్పుడు అడిగేది తయారీ ఏడాదినే. మూడేళ్లకే మార్చేవాళ్లకు ఒక ఏడాది తరుగు గట్టిగా తగులుతుంది. పదేళ్లు నడిపేవాళ్లకు ఆ తేడా చాలా తగ్గుతుంది. వాళ్లకు పెద్ద డిస్కౌంటే లాభం. తయారీ నెల, ఏడాది బండితో కంపెనీ ఇచ్చే ఫారం 22 అనే సర్టిఫికెట్‌లో ఉంటాయి. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ కూడా చూడొచ్చు: 2325 అంటే 2025లో 23వ వారంలో చేసిన టైరు. బండి అంతకు ముందే తయారైందని రాసి ఉంటే టైర్లు ఎందుకు మారాయో అడగాలి.

ఎక్స్ఛేంజ్ బోనస్ పాత బండి ధర కాదు

"మీ పాత బండికి రెండు లక్షల డెబ్బై వేలు ఇస్తున్నం" అంటే అందులో బండి ధర 2,40,000, కంపెనీ బోనస్ 30,000 కావచ్చు. బయట అదే బండికి 2,85,000 పలికితే బోనస్ వదులుకుని బయట అమ్మినా 15 వేలు మిగులు. బయట 2,60,000 మాత్రమే పలికితే షోరూం నయం. రెండు అంకెలు విడివిడిగా రాయించుకుంటేనే ఇది తెలుస్తుంది. కొత్త కారు డిస్కౌంట్ ఖరారు కాకముందే పాత బండి మాట ఎత్తితే, ఒక చోట ఇచ్చి ఇంకో చోట తీసుకోవడం వాళ్లకు తేలిక. బండి అప్పగించేటప్పుడు తేదీ, సమయం, ఓడోమీటర్ రీడింగ్‌తో డెలివరీ నోట్ తీసుకోవాలి. పేరు మారేలోపు ఆ బండికి చలానా పడ్డా, ప్రమాదం జరిగినా మొదటి ఫోను వచ్చేది మీకే.

ఈఎంఐ చిన్నదైతే లోన్ చౌకా?

ఏడు లక్షల లోన్, అయిదేళ్లు. ఒకరు "6 శాతం ఫ్లాట్" అంటారు, ఇంకొకరు "9 శాతం రెడ్యూసింగ్", అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ. ఫ్లాట్‌లో వడ్డీ 2,10,000, నెలకు 15,167. రెడ్యూసింగ్‌లో వడ్డీ సుమారు 1,71,850, నెలకు 14,531. ఆరు శాతమే ఖరీదైంది! ఎందుకంటే ఫ్లాట్ వడ్డీ అసలు తీరిపోతున్నా మొత్తం ఏడు లక్షల మీదే పడుతూ ఉంటుంది. ఆ ఆరు శాతం నిజానికి రెడ్యూసింగ్‌లో సుమారు 10.85 శాతానికి సమానం.

9 శాతానికే ఏడేళ్లకు పెంచితే ఈఎంఐ 11,262కు దిగుతుంది. నెలకు 3,270 తగ్గిందని సంతోషించేలోపు మొత్తం వడ్డీ 2,46,000 దాటుతుంది, అంటే 74 వేలు ఎక్కువ. 2024 అక్టోబర్ 1 నుంచి లోన్ ఇచ్చే సంస్థ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ప్రాసెసింగ్ ఫీజుతో సహా వార్షిక రేటు ఒకే అంకెలో ఉంటుంది. పోల్చాల్సింది ఆ అంకెనే. లోన్ షోరూం ద్వారా అయితే బ్యాంకు వాళ్లకు కమిషన్ ఇస్తుంది. జీతం ఖాతా ఉన్న బ్యాంకు దగ్గర ముందే మంజూరు లెటర్ తీసుకుని వెళితే షోరూం ఫైనాన్స్ రేటు కూడా దాని దాకా దిగే అవకాశం ఉంది.

హైదరాబాద్ పోతే తగ్గుతుందా?

ఎక్స్‌షోరూం, లైఫ్ టాక్స్ అవే. మీ అడ్రస్ హన్మకొండ అయితే బండి నంబరు టీజీ 03 సిరీస్‌లోనే వస్తుంది. తేడా వచ్చేది డీలర్ వాటాలో, స్టాక్‌లో. అక్కడ షోరూంలు ఎక్కువ, పోటీ ఎక్కువ, కోరిన రంగు త్వరగా దొరకొచ్చు. దానికి ఎదురుగా ఒక్కో వైపు 145 కిలోమీటర్ల ప్రయాణం, డీజిలు, టోలు, కాగితాల కోసం మళ్లీ ఒక రోజు. పది వేల లోపు తేడాకు పోవడం చాలామందికి గిట్టదు. మొదటి రెండేళ్లు సర్వీసుకు ఎలాగూ ఇక్కడి వర్క్‌షాప్‌కే వస్తారు. వారంటీ ఎక్కడ కొన్నా ఒకటే, కానీ ఇక్కడ కొన్నవాళ్ల ఫోన్ తొందరగా ఎత్తుతారన్నది మానవ సహజం. అక్కడి కొటేషన్ తెచ్చి ఇక్కడ చూపించడం ఎక్కువమంది చేసే పని.

బుకింగ్ తర్వాత బలం ఎవరి చేతిలో?

బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో "డెలివరీ రోజు ఉన్న ధరే వర్తిస్తుంది" అని ఉంటుంది. అందుకే మూడు నెలల వెయిటింగ్ ఉన్న కారుకు ఈరోజు ఒప్పుకున్న డిస్కౌంట్ అప్పటికి ఉంటుందా అన్నది నోటిమాటగా వదిలేయకూడదు. రద్దు చేస్తే బుకింగ్ సొమ్ములో ఎంత కోస్తారో కూడా రాసి ఉండాలి. సొమ్ము సంస్థ ఖాతాకే పోవాలి. సేల్స్‌మన్ సొంత నంబరుకు పంపితే అది షోరూంకు చేరినట్టు రుజువు లేదు. నగదైతే 2 లక్షలు, అంతకు మించి తీసుకోవడం ఆదాయ పన్ను చట్టం ప్రకారం కుదరదు.

లైఫ్ టాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్ మొదలయ్యాక ఆ చాసిస్ నంబరు మీ పేరుకు కట్టుబడిపోతుంది. గీత పడ్డ బంపర్, యార్డులో ఎండిన టైర్లు, ఓడోమీటర్‌లో 200 కిలోమీటర్లు ఆ తర్వాత కనిపిస్తే బండి మార్చమనడం కష్టం. కాబట్టి బండిని చూసి, చాసిస్ నంబరు రాసుకున్నాకే మిగతా సొమ్ము కట్టడం క్రమం. షోరూంలు ఈ క్రమాన్ని తిరగేయాలని చూస్తాయి: "పేమెంట్ అయితేనే బండి అలాట్ అయితది సార్." స్టాక్ తక్కువ ఉన్నప్పుడు అది నిజమే కావచ్చు. అప్పుడు కూడా మొత్తం కట్టేముందు చాసిస్ నంబరుతో అలాట్‌మెంట్ ఈమెయిల్ అడగడంలో తప్పు లేదు.

ఇక "కిట్ తీసుకుంటేనే బండి, మా బీమా అయితేనే డెలివరీ" అంటే? ఒక వస్తువు కొనాలంటే ఇంకోటి కొనాల్సిందేనని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా (రెస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీస్) చెబుతుంది. 1915 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 50 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. 5 నుంచి 10 లక్షల లోపు కారుకు అక్కడ ఫీజు 200 రూపాయలు. ఆచరణలో ఎనిమిది వేల హ్యాండ్లింగ్ కోసం నెలల తరబడి కేసు నడిపే ఓపిక అందరికీ ఉండదు. డీలర్లకూ అది తెలుసు. అయినా కంపెనీ కస్టమర్ కేర్‌కు కొటేషన్ ఫొటోతో ఒక ఈమెయిల్ పంపితే కొన్నిసార్లు ఆ లైను రెండు రోజుల్లో మాయమవుతుంది. అందుకు ఆ చార్జీ పేరు కాగితం మీద ఉండాలి. ముద్ర, తేదీ లేని వాట్సాప్ అంకె పనికిరాదు. రసీదులో "ఇతరములు" అని రాస్తే అసలే పనికిరాదు.